రెండు తలుపుల నడుమ

గస్ గ్రిసమ్ ఎలా పోయాడో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పాల్సిందేమీ ఇందులో లేదు. 1967 జనవరి 27, శుక్రవారం సాయంత్రం, ఫ్లోరిడా తీరాన 34వ ప్రయోగ వేదిక మీద, ఇంధనమే నింపని రాకెట్టు కొసన, నేల విడిచి ఒక్క అడుగైనా ఎగరని నౌకలో, ఇద్దరు సహచరులతో కలిసి మంటల్లో చిక్కుకున్నాడు. పక్కనే తలుపు ఉంది. తెరుచుకోలేదు.

దానికి అయిదున్నరేళ్ల ముందు, 1961 జూలై 21 ఉదయం, అట్లాంటిక్ అలల మీద తేలుతున్న ఇంకో నౌకలో ఇంకో తలుపు ఉండేది. తెరుచుకోకూడని వేళ అది తెరుచుకుంది.

ఈ కథంతా ఆ రెండు తలుపుల నడుమే నడిచింది. మొదటిది అతని ప్రాణం తీయలేదు, పరువు తీసి వదిలేసింది. ప్రాణం తీయడానికి రెండోది ఉండనే ఉంది. కానీ ఈ జీవితాన్ని మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది: ఆ శుక్రవారం సాయంత్రం జరిగినదానికి పునాది ఆ జూలై ఉదయమే, సముద్రం మీదే పడింది.

ఇండియానా రాష్ట్రంలో మిచెల్ అనే చిన్న ఊరు. తండ్రి రైల్వేలో పనిచేసేవాడు. 1926 ఏప్రిల్ 3న పుట్టిన కొడుక్కి వర్జిల్ ఐవన్ అని పేరు పెట్టుకున్నారు. లోకానికి గస్ అయ్యాడు. పొట్టివాడు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఇండియానాలో, బడి జట్టులో చోటు దొరకనంత పొట్టి. మాట కూడా అంతే, పొదుపు. బడిలో కలిసిన బెట్టీ మూర్‌ని 1945లో పెళ్లి చేసుకున్నాడు. పర్డ్యూ యూనివర్సిటీలో అతను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నన్నాళ్లూ ఆమె టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి ఇల్లు నడిపింది. అతను క్లాసులయ్యాక హోటల్లో హాంబర్గర్లు కాల్చేవాడు. (ఆ పర్డ్యూలో ఇప్పుడు గ్రిసమ్ పేరు మీద ఒక భవనం ఉంది. మన గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లిన బండ్ల శిరీష చదివిందీ ఆ యూనివర్సిటీలోనే. 2021 జూలై 11న ఆవిడ చేసిందీ గస్ మొదటిసారి చేసినటువంటి ప్రయాణమే. భూమి చుట్టూ తిరగకుండా, ఆకాశపు అంచు దాకా వెళ్లి తిరిగొచ్చే ప్రయాణం.)

కొరియా యుద్ధంలో గస్ సేబర్ జెట్ విమానం మీద 100 సార్లు పోరాటానికి వెళ్లొచ్చాడు. అక్కడ పైలట్లను విమానాల దగ్గరకు తీసుకెళ్లే బస్సులో ఒక ఆనవాయితీ ఉండేదట. శత్రువు తుపాకీ గుండు తన వైపు ఇంకా రానివాడు బస్సులో కూర్చోకూడదు, నిలబడాలి. గస్ ఒక్కరోజే నిలబడ్డాడు. వ్యోమగాముల ఎంపికలో డాక్టర్లు అతనికి పుప్పొడి పడదని తేల్చి పక్కన పెట్టబోతే, అంతరిక్షంలో పుప్పొడి ఎక్కడిది అన్నాడు. వాళ్ల దగ్గర జవాబు లేదు. 1959 ఏప్రిల్‌లో అమెరికా తన మొదటి ఏడుగురు వ్యోమగాములను ప్రపంచానికి చూపించినప్పుడు వాళ్లలో ఇతనూ ఉన్నాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు వెళ్తాను, దీనితో తర్వాత పని పడుతుంది. ఆ ఏడుగురూ ఓసారి శాన్ డియాగోలో అట్లాస్ రాకెట్లు తయారుచేసే కాన్వేర్ ఫ్యాక్టరీకి వెళ్లారు. వేలమంది కార్మికులు పోగయ్యారు. గస్‌ని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఉపన్యాసం అంటేనే ఒళ్లు చెమటలు పట్టే మనిషి. మంచి పని చేయండి, అని ఊరుకున్నాడు. అంతే ఉపన్యాసం. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఆ తర్వాత హాలు దద్దరిల్లిపోయింది. కార్మికులు ఆ మాటనే పెద్ద అక్షరాలతో రాయించి ఫ్యాక్టరీలో వేలాడదీసుకున్నారు. వ్యోమగాముల ప్రాణం ఆ చేతుల్లో ఉందని అంతకన్నా సూటిగా వాళ్లకు ఎవరు చెప్పగలరు?

1961 అమెరికాకు తొందర పుట్టించిన సంవత్సరం. ఏప్రిల్ 12న యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు. మే 5న అలన్ షెపర్డ్ రెడ్‌స్టోన్ రాకెట్టు మీద పైకి వెళ్లి పావుగంటలో సముద్రంలో దిగాడు. ఆ పావుగంట అనుభవమే ఆస్తిగా, మే 25న అధ్యక్షుడు కెనడీ ఈ దశాబ్దం లోపే చంద్రుడి మీద మనిషిని దించుతామని ప్రకటించేశాడు. రెండో పావుగంట గస్ గ్రిసమ్ వంతుకొచ్చింది.

అతని నౌక పేరు లిబర్టీ బెల్ 7. ఫిలడెల్ఫియాలోని స్వాతంత్ర్య ఘంటకు పగులు ఉన్నట్టే, నౌక పక్కన తెల్ల రంగుతో ఒక పగులు గీయించారు. పగులున్న నౌకను ఇంకెప్పుడూ పైకి పంపరాదని ఆ తర్వాత వేళాకోళం ఆడినవాళ్లున్నారు. ఆ రోజున మాత్రం అది ముచ్చటగానే ఉంది. షెపర్డ్ నౌకలో లేనివి ఇందులో రెండు ఉన్నాయి. ఒకటి పెద్ద కిటికీ, వ్యోమగాములు పట్టుబట్టి పెట్టించుకున్నది. రెండోది కొత్త రకం తలుపు.

ఆ తలుపును 70 బోల్టులతో బిగించారు. ప్రతి బోల్టుకూ సన్నటి రంధ్రం తొలిచి కావాలనే బలహీనపరిచారు. చుట్టూ పేలుడు తీగ. లోపలున్న మనిషి ముందు ఒక మూత తీయాలి, తర్వాత ఒక పిన్ను లాగాలి, ఆ తర్వాత గుండీలాంటి ఒక మీటను అరచేత్తో కొట్టాలి. బోల్టులన్నీ ఒక్కసారిగా తెగి తలుపు ఎగిరిపోతుంది. పాత తలుపు బరువు 30 కిలోలు దాటేది, ఇది 10 కిలోలే. ప్రమాదంలో మనిషి త్వరగా బయటపడాలన్న ఆలోచనతోనే చేశారు దాన్ని. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మనిషిని కాపాడాలని చేసిన తలుపు అది.

వాతావరణం బాగాలేక ప్రయోగం రెండుసార్లు వాయిదా పడింది. జూలై 21 ఉదయం 7.20కి రెడ్‌స్టోన్ లేచింది. 190 కిలోమీటర్ల ఎత్తు, అక్కడ అయిదు నిమిషాల భారరహిత స్థితి. కొత్త కిటికీలోంచి ఫ్లోరిడా తీరం కనబడితే గస్ చేతిలో పని మర్చిపోయినంత పని చేశాడు. పైలట్‌గా చేయాల్సినవి ఎన్నో ఉన్నాయి, చూపు మాత్రం కిటికీని వదల్లేదు. ఆ అయిదు నిమిషాలనూ నేను కాస్త ఆపి చూస్తుంటాను. మిచెల్ కుర్రాడు, మాటల పొదుపరి, నలుపెక్కిన ఆకాశం కింద నీలం అంచుని చూస్తూ ఉన్నాడు. అతని జీవితంలో అనుమానం నీడ పడని చివరి నిమిషాలు అవే.

దిగేటప్పుడు పెద్ద పారాచూట్‌లో చిన్న చిరుగు కనిపించింది. గుండె ఝల్లుమన్నా అది పెరగలేదు. 15 నిమిషాల 37 సెకన్లకు నౌక నీళ్లను తాకింది. పక్కకు ఒరిగి, మళ్లీ నిలబడింది. అంతా సవ్యంగా జరిగింది. ప్రమాదం దాటిపోయింది, అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి.

హెలికాప్టర్లు దగ్గరకొచ్చాయి. వెంటనే పట్టుకుని లేపమని ఉంటే? గస్ కొన్ని నిమిషాలు ఆగమన్నాడు. లోపలి మీటలు, స్విచ్చులు ఎలా ఉన్నాయో ఒక్కొక్కటీ రాసుకోవాలి. అది అతని పని. మంచి పని చేయమని చెప్పినవాడు తన పని సగంలో వదలడు కదా. చేతికి తొడుగుతోనే పెన్సిలు పట్టుకుని అన్నీ రాసుకున్నాడు. తర్వాత తలుపు మీటకున్న మూత తీశాడు, పిన్ను లాగాడు. హెలికాప్టర్ నౌకను తగిలించుకుని కాస్త పైకి లేపాక మీట కొట్టి బయటికి రావాలి. వెనక్కి వాలి ఎదురుచూస్తున్నాడు.

చిన్న చప్పుడు. తలుపు ఉండాల్సిన చోట ఆకాశం. గడప మీదుగా ఉప్పునీళ్లు లోపలికి దూకాయి.

హెల్మెట్ విసిరేసి, ఈదుకుంటూ బయటపడ్డాడు. పైనున్న హెలికాప్టర్ పైలట్ జిమ్ లూయిస్ ముందు నౌక సంగతి చూశాడు. వ్యోమగామికి ఈత బాగా వచ్చు, సూటు తేలుతుంది, శిక్షణలో గంటలకొద్దీ చూశారు. నౌకకు కొక్కెం పడింది. కానీ నీళ్లు నిండిన నౌక బరువు హెలికాప్టర్ శక్తికి మించిపోయింది. ఇంజన్ పాడవుతోందని హెచ్చరిక దీపం వెలిగింది. లూయిస్ వదిలేశాడు. లిబర్టీ బెల్ 7 కళ్ల ముందే మునిగి, 4,900 మీటర్ల లోతుకు వెళ్లిపోయింది.

ఇక్కడ అందరి కళ్లూ నౌక మీద ఉన్నాయి. ఈదుతున్న మనిషి మునిగిపోతున్నాడని ఎవరికీ తట్టలేదు. సూటుకు ఆక్సిజన్ గొట్టం తగిలించే రంధ్రం మూయడం తొందరలో మర్చిపోయాడు. గాలి బుడగలై బయటికి పోతోంది, నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఇంటికెళ్లి పిల్లలకూ స్నేహితులకూ పంచుదామని పట్టుకెళ్లిన డైమ్ నాణేల చుట్టలు కాలి జేబులో ఉన్నాయి. వాటి బరువు కూడా అప్పుడు తెలిసింది. హెలికాప్టర్ రెక్కల గాలికి లేచిన అలలు ముఖాన కొడుతున్నాయి. చేతులూపి పిలుస్తుంటే, బాగానే ఉన్నానని ఊపుతున్నాడనుకున్నారు. మెడ చుట్టూ నీరు చొరకుండా బిగుసుకునే రబ్బరు పట్టీ ఒకటి అతన్ని ఆ కాసేపూ నిలబెట్టింది. దాన్ని ఆలోచించి చేయించినవాడు తోటి వ్యోమగామి వాలీ షిరా. చివరికి రెండో హెలికాప్టర్ నుంచి తాడు పడితే, రక్షణ పట్టీని వెనకది ముందుకు తొడుక్కుని ఎలాగో పైకొచ్చాడు. ఎక్కీ ఎక్కగానే అక్కడ కనబడిన లైఫ్ జాకెట్ అందుకుని వేసుకోవడం మొదలుపెట్టాడు. మళ్లీ నీళ్లలో పడతానేమోనన్న భయం వదలని చేతులు.

మనిషి బతికాడు. నౌక పోయింది. నౌక పోయిన సంగతే మిగిలింది.

తను ముట్టుకోలేదన్నాడు గస్. ఊరికే వెనక్కి వాలి ఉన్నానని, దానంతటదే పేలిందని ఆ రోజు చెప్పాడు, బతికినన్నాళ్లూ అదే చెప్పాడు. విచారణలో అతని తప్పేమీ తేలలేదు. అయినా అనుమానానికి విచారణతో పనేముంది? భయపడి కొట్టేశాడనే గుసగుస మొదలైంది. షెపర్డ్‌కు వైట్‌హౌస్ పిలుపు, ఊరేగింపు. గస్‌కు ఫ్లోరిడాలోని వైమానిక స్థావరంలోనే నాసా అధిపతి జేమ్స్ వెబ్ చేతుల మీదుగా పతకం. బెట్టీ ఆ చిన్నతనాన్ని మర్చిపోలేదు. పదహారు రోజులకే సోవియట్ వ్యోమగామి టిటోవ్ భూమి చుట్టూ 17 సార్లు తిరిగొచ్చేసరికి, ఆకాశపు అంచు దాకా వెళ్లొచ్చే పావుగంట ప్రయాణాల మీద అమెరికాకే మోజు పోయింది. మిగిలిన రెడ్‌స్టోన్ యాత్రలు మానుకున్నారు. జాన్ గ్లెన్‌ను నేరుగా కక్ష్యలోకి పంపారు. అలా ఆ చిన్న అధ్యాయం గస్‌తోనే మూతపడింది, అతని మీద మచ్చ తుడవకుండానే.

మచ్చ తుడిచినవాడు మళ్లీ షిరాయే. 1962 అక్టోబర్ 3న లిబర్టీ బెల్ లాంటిదే అయిన మెర్క్యురీ నౌకలో తన యాత్ర ముగిశాక, ఓడ డెక్ మీద నౌకను దించాక, కావాలనే తలుపు మీట కొట్టాడు. మీట ఎదురు తన్ని చేతికి గాయమైంది. తొడుగు లోంచే కమిలిపోయింది. ఆ చెయ్యి అందరికీ చూపించాడు. గస్ చేతి మీద ఆ రోజు చిన్న గీత కూడా లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నాకు చాలు. ప్రయోగ వేదిక దగ్గర అందరినీ నౌకలో కూర్చోబెట్టే గుంటర్ వెంట్, బయటి వైపున్న అత్యవసర తాడు ఊడి తగులుకుని ఉండాలన్నాడు. హెలికాప్టర్ వల్ల పుట్టిన స్థిర విద్యుత్తు కారణమై ఉండొచ్చని పాత ఫిల్ములను పరిశీలించినవాళ్లు ఇటీవల అన్నారు. ఏదైనా కానీ, 1979లో వచ్చిన ‘ది రైట్ స్టఫ్’ పుస్తకం, 1983లో దాని మీద తీసిన సినిమా మాత్రం బెదిరిపోయిన గస్‌నే జనానికి చూపించాయి. అప్పటికి జవాబు చెప్పుకోవడానికి అతను లేడు. 1999 జూలైలో కర్ట్ న్యూపోర్ట్ బృందం ఆ నౌకను సముద్రం అడుగునుంచి పైకి తెచ్చింది. లోపల బురద, కొన్ని డైమ్ నాణేలు. తలుపు దొరకలేదు.

గస్ నోరు మూసుకుని పనిలో పడ్డాడు. మెర్క్యురీ తర్వాతి తరమైన, ఇద్దరు కూర్చునే జెమినై నౌకల రూపకల్పనలో తలదూర్చి కూర్చున్నాడు. ఎంతగా అంటే కాక్‌పిట్ అతని పొట్టి ఒంటికి కుట్టినట్టు సరిపోయింది. పొడుగువాళ్లు తల పట్టక దాన్ని గస్‌మొబైల్ అని తిట్టుకున్నారు. 1965 మార్చి 23న ఆ నౌకలో జాన్ యంగ్‌ను పక్కన పెట్టుకుని పైకి వెళ్లాడు. దానికి మోలీ బ్రౌన్ అని పేరు పెట్టాడు. టైటానిక్ మునిగినా తాను మునగని మహిళ పేరు, అంతకు కొన్నేళ్ల ముందు ఆమె మీద సంగీత నాటకం బాగా ఆడింది. అధికారులు మొహం చిట్లించి ఇంకో పేరు చెప్పమంటే, టైటానిక్ ఎలా ఉంటుందన్నాడట. నవ్వే వస్తుంది. కానీ దిగాక జరిగింది చూడండి. నౌక అలల మీద ఊగుతోంది, లోపల ఉక్క, గస్‌కు వాంతులు. అయినా నేవీ ఈతగాళ్లు వచ్చి నౌక చుట్టూ తేలే పట్టీ కట్టేదాకా గస్ తలుపు తీయనివ్వలేదు.

తలుపు గురించి అలా భయపడింది అతనొక్కడే కాదు. సంస్థ కూడా భయపడింది.

చంద్రుడి యాత్రకు అపోలో నౌక తయారుచేస్తున్న నార్త్ అమెరికన్ ఏవియేషన్ కంపెనీ, మొదట్లో పేలుడు బోల్టులతో బయటికి తెరుచుకునే తలుపునే ప్రతిపాదించింది. నాసా వద్దంది. లిబర్టీ బెల్‌లాగా దానంతటది తెరుచుకుంటే? చంద్రుడి దారిలో అలా జరిగితే ముగ్గురి ప్రాణాలూ పోతాయి. సబబైన భయమే. అందుకని లోపలికి తెరుచుకునే తలుపు పెట్టారు. లోపలి గాలి ఒత్తిడే దాన్ని అదిమి పట్టుకుంటుంది. లోపలి మూత ఉండే ప్రెషర్ కుక్కర్ మన ఇళ్లలో ఎరగనివారుండరు. ఆవిరి ఉన్నంతసేపూ ఆ మూతను ఎంత బలవంతుడైనా లాగలేడు. ఆ తలుపూ అంతే. దాని మీద ఇంకో తలుపు, ఆపైన ఇంకో కవచం. సాధనలో, ఏ తొందరా లేనప్పుడు కూడా, తీయడానికి కనీసం ఒకటిన్నర నిమిషం.

తెరుచుకుంటే ఎలా అని అందరూ అడిగారు. తెరుచుకోకపోతే ఎలా అని అడిగిన గొంతు ఎక్కడా గట్టిగా వినబడలేదు.

పైగా లోపల నింపేది స్వచ్ఛమైన ఆక్సిజన్. మెర్క్యురీలో అదే, జెమినైలో అదే, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్నదే ధైర్యమైపోయింది. ఇక్కడ నా మనసు ఎప్పుడూ మాస్కో వైపు వెళ్తుంది. గస్ సముద్రంలో పడడానికి నాలుగు నెలల ముందు, 1961 మార్చి 23న, వాలెంటిన్ బొండరెంకో అనే 24 ఏళ్ల సోవియట్ శిక్షణార్థి ఆక్సిజన్ దట్టంగా నింపిన గదిలో చెలరేగిన మంటల్లో కాలి చనిపోయాడు. సోవియట్ ప్రభుత్వం పాతికేళ్లు ఆ మాట పైకి రానివ్వలేదు. వచ్చి ఉంటే, అమెరికాలో ఎవరో ఒకరు ఆ వార్త చదివి ఉలిక్కిపడి ఉంటే? ఎవరి చావునైనా రహస్యం చేస్తే దాని బాకీ ఎవరో తీరుస్తారు. ఈ బాకీ తీర్చినవాళ్లు ప్రపంచానికి అవతలి అంచున ఉన్నారు.

అపోలో మొదటి మానవ యాత్రకు గస్ నాయకుడు. తోడు ఎడ్ వైట్, 36 ఏళ్లు, అంతరిక్షంలో నడిచిన మొదటి అమెరికన్. రోజర్ చాఫీ, 31 ఏళ్లు, ఇంకా ఒక్కసారీ పైకి వెళ్లనివాడు, పర్డ్యూ విద్యార్థే. 1966 ఆగస్టులో నౌక ఫ్లోరిడాలోని ప్రయోగ కేంద్రం కేప్‌కు వచ్చింది. వచ్చేనాటికే 113 ముఖ్యమైన మార్పులు మిగిలిపోయి ఉన్నాయి. వచ్చాక ఇంకో 623 ఆదేశాలు. వైర్లు చిందరవందర. లోపల అడుగడుగునా నైలాన్ వల, అంటించుకునే వెల్క్రో పట్టీలు, మండే వస్తువులే అన్నీ. ఆ ఆగస్టులోనే ఈ మాట సమావేశంలో లేచింది. అపోలో నౌకల బాధ్యుడు జో షే తీసేయమన్నాడు. తీశారో లేదో చూసినవాళ్లు లేరు. ముగ్గురూ అతనికి ఒక ఫొటో బహుమతిగా ఇచ్చారు. నౌక నమూనా ముందు తలలు వంచి, చేతులు జోడించి ప్రార్థన చేస్తున్న ఫొటో. నీ మీద నమ్మకం లేక కాదు, ఈసారి నీ పైవాడికే చెప్పుకుంటున్నాం అని దాని మీద రాశారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు వినబడితే చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

1967 జనవరి 22న గస్ టెక్సస్‌లోని ఇంటికి చివరిసారి వచ్చాడు. పెరట్లో నిమ్మచెట్టు ఉంది. వెళ్లేముందు పెద్ద నిమ్మకాయ ఒకటి కోశాడు. దేనికని బెట్టీ అడిగింది. ఆ నౌకకు వేలాడదీస్తానన్నాడు. అమెరికాలో పనికిరాని సరుకును నిమ్మకాయ అంటారు. మనకు దిష్టి తీసే కాయ అది, వాళ్లకు తిట్టు. కేప్‌లో ఆ కాయను సిమ్యులేటర్‌కు వేలాడదీశాడు.

ఇంత తెలిసినవాడు ఎందుకు ఎగరనని అనలేదు? నా గొంతు అడ్డుపడే చోటు ఇదే. వైరింగ్ ఇంత అధ్వానంగా ఉంటే గట్టిగా చెప్పవేం అని తాను అడిగితే, చెబితే నన్ను తీసేస్తారు అని గస్ అన్నాడని జాన్ యంగ్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. తీసేస్తారన్న భయం ప్రతి పైలట్‌కూ ఉంటుంది. కానీ ఒకసారి బెదిరాడన్న ముద్ర పడినవాడికి, మళ్లీ వెనక్కి తగ్గాడన్న మాట పడడం ఎంత కష్టమో ఊహించండి. గస్ నాతో చెప్పింది కాదు ఇది, ఎవరితోనూ చెప్పుకున్నట్టు లేదు. నేను అనుకుంటున్నది. 1961లో ఎగిరిపోయిన తలుపు ఒక్క అపోలో తలుపునే బిగించలేదు. అతని నోటిని కూడా బిగించింది.

జనవరి 27 మధ్యాహ్నం ఒంటిగంటకు ముగ్గురూ నౌకలోకి వెళ్లారు. బయటి కరెంటు తీగలు తీసేసి, నౌక తన శక్తి మీద తాను నడుస్తుందో లేదో చూసే పరీక్ష. రాకెట్టులో ఇంధనం లేదు గనుక ప్రమాదకరమైన పరీక్షల జాబితాలో దీన్ని చేర్చలేదు. ముందురోజే షిరా గస్‌తో అన్నాడు, ఏ మాత్రం తేడా కనబడినా బయటికి వచ్చెయ్ అని. జో షేని కూడా లోపలికి వచ్చి కూర్చోమని గస్ అడిగాడు, మాటలు ఎంత అధ్వానంగా వినబడతాయో స్వయంగా చూడమని. నాలుగో హెడ్‌సెట్ తగిలించే ఏర్పాటు లేక షే రాలేదు. ఆ తర్వాత బతుకంతా అతను దాన్ని మోశాడు. ఎవర్ని లోపల కూర్చోబెట్టినా కన్నేసి ఉంచే గుంటర్ వెంట్ ఆ వేదిక మీద లేడు. నౌక తయారుచేసే కంపెనీ మారితే అతని ఉద్యోగమూ మారింది.

1.20కి గస్‌కు గొట్టంలో ఏదో పులిసిన మజ్జిగ వాసన వచ్చింది. పరీక్ష ఆపారు. గాలి నమూనా తీశారు. ఏమీ లేదన్నారు. గంటన్నరకు దగ్గరగా ఆలస్యమయ్యాక తలుపులు బిగించి, బయటి గాలి కంటే కాస్త ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ నింపారు. సాయంత్రం 5.40కి మళ్లీ ఆగింది. మైకులు సరిగ్గా పనిచేయడం లేదు. రెండు మూడు భవనాల మధ్యే మాట వినబడకపోతే చంద్రుడి దాకా ఎలా వెళ్తాం అని గస్ విసుక్కున్నాడు. ఆ విసుగే అతని గొంతు మామూలుగా వినబడిన చివరి సందర్భాల్లో ఒకటి. ఇక చాలు, రేపు చూద్దాం అని ఒక్కరు అని ఉంటే. శుక్రవారం సాయంత్రం, అందరూ ఇళ్లకు పోయేవాళ్లు. పరీక్ష ముగింపులో అత్యవసరంగా బయటపడే సాధన కూడా పెట్టుకుని ఉన్నారు. ఆ సాధన దాకా కూడా గడియారం వాళ్లను రానివ్వలేదు.

6.31. ఎడమవైపు కింద, గస్ పడక దగ్గర, ఎక్కడో ఒక తీగ మెరిసింది. సరిగ్గా ఏ తీగ అన్నది ఎప్పటికీ తేలలేదు. మంట అన్న కేక వినబడింది. పదిహేను సెకన్లకే నౌక గోడ ఒత్తిడికి పగిలింది. పదిహేడు సెకన్లకు గొంతులు ఆగిపోయాయి.

ఆ కొద్ది క్షణాల్లో వాళ్లేం చేశారో తర్వాత చూసినవాళ్లకు అర్థమైంది. చాఫీ తన చోటు వదల్లేదు; బయటివాళ్లతో మాట్లాడుతూ ఉండడం అతని బాధ్యత. వైట్ తలుపు వైపు చేతులు చాచాడు. తలుపు తీయడం అతని బాధ్యత. గస్ పడక దిగి ఉన్నాడు. ముగ్గురూ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేస్తూ పోయారు. మంచి పనే చేశారు. గొళ్లెం తిరిగినా ఆ తలుపు వచ్చేది కాదు. మంటకు లోపలి ఒత్తిడి పెరిగిన కొద్దీ అది ఇంకా ఇంకా బిగుసుకుంది. బయట వేదిక మీదివాళ్లు పొగలో, పనికిరాని మాస్కులతో, పేలుతుందేమోనన్న భయంతో పెనుగులాడి మూడు తలుపులూ తీసేసరికి అయిదు నిమిషాలు పట్టింది. కాలిన గాయాలతో కాదు, విషవాయువు పీల్చి పోయారని డాక్టర్లు తేల్చారు. ఆ సాయంత్రమే వాషింగ్టన్‌లో అంతరిక్ష ఒప్పందం మీద దేశాలు సంతకాలు చేశాయి. ఆ వేడుకకు వెళ్లిన వ్యోమగాములు హోటల్ గదులకు తిరిగొచ్చాక ఫోన్లో ఈ వార్త విన్నారు.

ఇద్దరు కొడుకులు గస్‌కు, స్కాట్, మార్క్. బెట్టీ తర్వాత ఆ కంపెనీ మీద దావా వేసింది. 1972లో 3,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. దానికి ఆమెను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. భర్త చదువు కోసం టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని నెగ్గుకొచ్చిన ఆడమనిషిని తప్పుపట్టే హక్కు వాళ్లకెవరిచ్చారో నాకు తెలియదు.

తలుపు మార్చారు. ఒకే తలుపు, బయటికి తెరుచుకునేది, కొన్ని సెకన్లలో తీయగలిగేది. నేల మీద ఉన్నంతసేపూ లోపలి గాలిలో నైట్రోజన్ కలిపారు. మండే గుడ్డలు, పట్టీలు తీసేశారు. 1968 అక్టోబర్ 11న అదే 34వ వేదిక నుంచి మొదటి అపోలో మనుషులతో లేచింది. నాయకుడు వాలీ షిరా. గుంటర్ వెంట్‌ను వేదిక మీదకు మళ్లీ తెస్తేనే ఎక్కుతానని పట్టుబట్టి రప్పించుకున్నాడు. ఆ తర్వాత చంద్రుడి దాకా వెళ్లినవాళ్లందరూ ఆ కొత్త తలుపులోంచే దూరి వెళ్లారు. వెళ్లేవాళ్లను ఎంపికచేసిన డీక్ స్లేటన్, ఆ తొలి ఏడుగురిలో ఒకడు, గస్‌కు దగ్గరి స్నేహితుడు. చంద్రుడి మీద మొదటి అడుగు ఆ ఏడుగురిలో ఒకరిదే కావాలనుకున్నానని, గస్ బతికి ఉంటే అది గస్ అడుగే అయ్యేదని తన ఆత్మకథలో రాసి పోయాడు.